రెండంగుళాల వాన

ఫిబ్రవరి, రెండో శుక్రవారం, కువైత్‌లో మహబూలా. మధ్యాహ్నం భోజనానికి ఉన్నవారు: నేను, మా అమ్మాయి సునీత, ఓబులమ్మ, ఖాదర్‌బాషా, నఫూలా. రానివారు: మా అల్లుడు, అహ్మదిలో డ్యూటీ. ఆకాశం: దుమ్ము. వాన లేదు.

ఆ రోజు డైరీలో ఇంతవరకు రాసి కలం మూశాను. పదేళ్ల వయసు నుంచి నా డైరీలో వాన ప్రస్తావన లేని రోజు లేదు. ఇరవై ఏళ్లు ఇక్కడే ఒక కాంట్రాక్టరు కంపెనీలో టైమ్‌కీపరుగా పనిచేసినప్పుడు కూడా, ఏడాదికి నాలుగు చినుకులు పడని చోట, రోజూ 'వాన లేదు' అని రాసుకునేవాణ్ణి. గదిలో ఉన్నవాళ్లు నవ్వేవారు. ఇప్పుడు పని మానేసి, చలికాలం వచ్చినప్పుడల్లా కూతురి దగ్గరికి వచ్చిపోతున్నాను. పాత డైరీలు సంచిలో వెంట తెచ్చుకుని, చెదలు తినక ముందే ఒక్కొక్కటి తిరగరాస్తున్నాను. వాన రాసే అలవాటు ఎక్కడ మొదలైందో నేను ఎవరికీ చెప్పలేదు. చనిపోయిన నా భార్యకు కూడా చెప్పలేదు. ఆ శుక్రవారం చెప్పక తప్పలేదు.

ఓబులమ్మది రాజంపేట పక్క పల్లె. ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తుంది. శుక్రవారం సగం రోజు సెలవు దొరికితే మా ఇంటికే వస్తుంది. ఖాదర్‌బాషాది రాయచోటి. మిర్కాబ్‌లో ఒక ఆఫీసుకు కారు నడుపుతాడు, మా కింది అంతస్తులో ఆరుగురితో కలిసి ఉంటాడు. నఫూలా మాత్రం నాకు కొత్త మనిషి. సునీత నర్సుగా ఉన్న క్లినిక్‌లో ఆయా, కెన్యా నుంచి వచ్చింది. ఏడేళ్లు పనిచేసింది. ఇక్కడ ఉండనిచ్చే అనుమతి, ఇఖామా, గడువు అయిపోతే మళ్లీ వేయించుకోకుండా, ఇక చాలనుకుని, మర్నాడే ఇంటికి వెళ్లిపోతోంది. వెళ్లే ముందు ఒక పూట మన తిండి పెడదామని సునీత పిలిచింది. ఎయిర్‌పోర్టుకు దించే బాధ్యత ఖాదర్‌బాషాది.

వంటింట్లో ఓబులమ్మ సంగటి గెలుకుతోంది. మన ఊళ్లోలాగా కాళ్లతో అదిమి పట్టుకోవడానికి వీల్లేని గ్యాసు పొయ్యి. గిన్నె తిరిగిపోతోంది.

"సునీతమ్మా, ఈ గిన్నె నిలవనంటాండాది. పట్టుకోను ఇంకో మనిషి గావల్ల," అని కేక వేసింది.

సునీత లేచేలోపే నఫూలా లోపలికి వెళ్లింది. గిన్నె పట్టుకుంటుందనుకుంటే, ఓబులమ్మ చేతిలోంచి తెడ్డు తీసుకుంది. కొంగులాంటి గుడ్డ ఒకటి గిన్నె అంచుకు చుట్టి, తెడ్డును గిన్నె గోడకేసి తట్టుతూ, ఉండ లేకుండా నాలుగు తిప్పులు తిప్పింది. ఆ తట్టే చప్పుడు హాల్లో కూర్చున్న నాకు వినిపించింది. అది మా అమ్మ చప్పుడు కాదు. మా అమ్మ మెత్తగా గెలికేది. ఆ తట్టు నేను మరెక్కడో విన్నాను.

"ఓయమ్మో, ఈమె యాడ నేర్చుకునిందో మన సంగటి!" అంది ఓబులమ్మ.

"నీకంటే బాగా గెలుకుతాండాదిలే అక్కా," అన్నాడు ఖాదర్‌బాషా. "రేపు ఆమెను ఈడ పెట్టుకోని నిన్ను ఫ్లైటెక్కిస్తాం."

"పోరా! నన్ను పంపిస్తే మా అరబ్బు ఇంటామె అన్నం మానేస్తాది, తెలుసునా?"

నఫూలా నవ్వింది. ఆమె మాటలు చాలావరకు ఇంగ్లీషు, నడుమ నడుమ అరబ్బీ, క్లినిక్‌లో నేర్చుకున్న తెలుగు ముక్కలు రెండు మూడు. తన ఊళ్లో బియ్యం వెయ్యరనీ, కర్రపెండలం పిండి కలుపుతారనీ, రాగుల్ని వింబీ అంటారనీ చెప్పింది. 'వింబీ' అన్న మాట విని నాకు అరవై ఏళ్లయింది.

"మీ ఊరు ఎక్కడమ్మా?" అన్నాను.

"ఎల్గన్ కొండ కింద, బాబా. చిన్న పల్లె. మిషన్ బడి ఒకటి ఉంటుంది."

"ఆ బడి గంట దేంతో చేశారు?"

ఆమె తెడ్డు ఆపి నా వంక చూసింది. "అది గంట కాదు, రైలు పట్టా ముక్క. మీకెలా తెలుసు?"

మా నాన్న ఆ బడిలో లెక్కలు చెప్పారనీ, నా చిన్నతనంలో మూడేళ్లు ఆ పట్టా ముక్క మోగితే లేచి, మోగితే పడుకున్నాననీ చెప్పాను. ఓబులమ్మ నోటి మీద వేలు వేసుకుంది. నఫూలా నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. భోజనానికి కూర్చున్నాక ఆమె ఉత్సాహం ఆగలేదు. తన కొడుకు ఈ ఏడే ఆ బడిలో చేరాలి. మొదటి రోజు తన చేత్తోనే వాడి చొక్కా జేబులో గుప్పెడు వింబీ గింజలు పోసి పంపాలని తాను వెళ్లేదాకా చేర్పించకుండా ఆపింది.

"గింజలు ఎందుకు?" అంది సునీత.

"మా బడి ఆచారం సిస్టర్. కొత్తగా చేరే ప్రతి పిల్లా గుప్పెడు గింజలు తేవాలి. అవన్నీ కలిపి బడి చేలో చల్లుతారు. ఎప్పుడో ఒక ఏడు వాన అబద్ధం చెప్పిందట. బడి విత్తనం మొత్తం పోయింది. అప్పుడు మొదలైంది."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"విత్తింది మా తాత వెకేసానే," అని ఆమె గొంతు తగ్గించింది. "బడి తోట ఆయనే చూసేవాడు. పైపైన చల్లాడని గింజల కొట్టు తాళంచెవి లాగేసుకున్నారు. మళ్లీ ఇవ్వలేదు. ఇప్పటికీ మా ఊళ్లో ఎవరైనా పని చెడగొడితే, వెకేసా విత్తినట్టు విత్తావు అంటారు. మా నాన్నకు ఆ మాట వింటే కోపం. 'మా నాన్న తప్పు చెయ్యడు' అంటాడు. ఆయన మాట ఎవరు నమ్ముతారు?"

"మీ నాన్న పేరు?" అన్నాను, తెలిసి కూడా.

"సిమియు. బతికే ఉన్నాడు, బాబా. కళ్లు కాస్త మందగించాయి, అంతే."

వాన అబద్ధం చెప్పలేదు. చెప్పిందెవరో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. మర్నాడు పొద్దున్న ఎనిమిదికి ఆమె వెళ్లిపోతుంది. నేను చెప్పదలచుకుంటే ఆ మధ్యాహ్నమే చెప్పాలి. చెయ్యి కడుక్కుని నా గదిలోకి వెళ్లి, డైరీల సంచి ముందు కూర్చున్నాను.

మాది కడప జిల్లాలో మిషన్‌ను నమ్ముకుని చదువుకున్న కుటుంబం. కెన్యాలో కొత్తగా పెట్టిన బడికి లెక్కల పంతులు కావాలని మిషన్ వాళ్లు అడిగితే మా నాన్న సరేనన్నారు. ఓడ దిగి, రైలెక్కి, చివరికి లారీలో ఆ ఊరు చేరేసరికి మా అమ్మ మనసు విరిగిపోయింది. మూడో రోజు సంతలో ఒక ముసలామె గోనె ముందు ఆగి, గుప్పెడు గింజలు తీసి చూసి, "ఏమయ్యా, ఇవి మన రాగులే!" అని అక్కడే ఏడ్చేసింది. ఆ ముసలామె ఆకలనుకుందేమో, ఇంకో దోసెడు ఊరికే పోసింది. ఆ రోజునుంచి మా ఇల్లు నిలబడింది. పొద్దున్నే ఊరంతా తుమ్మపుల్లల పొగ, నీలం సబ్బు వాసన, రాత్రి కాల్చి వదిలేసిన మొక్కజొన్న వాసన. మా వరండాలో అమ్మ ఎండబెట్టిన మిరపకాయల ఘాటు. బడి పిల్లలు తుమ్ముకుంటూ మా ఇంటిముందు నుంచి పరిగెత్తేవారు. నాన్న తినేటప్పుడు మాట్లాడేవారు కాదు. రెండు నెలల కిందటి తెలుగు పత్రికను రోజుకో పేజీ చొప్పున, ఆ రోజే వచ్చినట్టు చదివేవారు. రాత్రి ప్రార్థనలో అమ్మ తెలుగు కీర్తన ఎత్తుకుంటే, అర్థం తెలియని పక్కింటి వాళ్లు గోడ అవతలినుంచి రాగం కలిపేవారు.

ఆ పక్కిల్లే వెకేసాది. మెడలో తోలుతాడు, తాడుకు గింజల కొట్టు తాళంచెవి. పొడుగు మనిషి, ఎక్కడా తొందరపడడు. చేలో అడుగు పెట్టే ముందు చెప్పులు విప్పేవాడు. చూపుడువేలు రెండో కణుపుదాకా మట్టిలో గుచ్చి, తీసి, వాసన చూసి, నాలుకకు తాకించుకునేవాడు. మా సీమలో రైతులు కూడా దుక్కి పదును అలాగే చూస్తారని అమ్మ చెప్పింది. ఆయన కొడుకు సిమియు నా తోటివాడు. అక్కడ బిడ్డ ఏ కాలంలో పుడితే ఆ కాలం పేరు పెడతారు. సిమియు ఎండల్లో పుట్టినవాడు. వాన రోజుల్లో పుట్టిన ఆడపిల్ల నఫూలా.

బడి వెనక ఒక రాగి డబ్బా ఉండేది. వాన కొలిచే డబ్బా. లోపల సీసా. పొద్దున ఎనిమిదికి సీసాలో నీళ్లు గీతలున్న గాజు గొట్టంలోకి వంచి, ఎన్ని అంగుళాలో పుస్తకంలో రాయాలి. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని హెడ్మాస్టరు ఆ పని నాకు అప్పగించారు. రాసిన అంకెను ప్రార్థన సమయంలో నల్లబల్ల మీద వేసేవారు. ఎండాకాలం చివర, ఒక వారంలోపు రెండంగుళాలు పడితే విత్తడం, అది హెడ్మాస్టరు పెట్టిన నియమం. రెండు ఎప్పుడు దాటుతుందా అని హాస్టలు పిల్లలు రోజూ బల్లకేసి చూసేవారు. దాటితే ఆ రోజు పాఠాలుండవు. అందరూ చేలోకే.

ఆ ఏడు మొదటి జల్లు ఒక సాయంత్రం పడింది. తెల్లారి పుట్టల్లోంచి రెక్కల ఉసిళ్లు లేచాయి. నేను గాజు గొట్టం పట్టుకుని డబ్బా దగ్గరికి వెళ్తుంటే, సిమియు పుట్ట దగ్గరనుంచి "దేవా, రారా, అయిపోతాయి!" అని నన్ను పేరుపెట్టి పిలిచాడు. మా ఊళ్లో అమ్మమ్మ వేయించి పెట్టే ఉసిళ్ల రుచి నా నోట్లోకి వచ్చేసింది. పరిగెత్తాను. కాలు జారింది. గొట్టం రాయి మీద పడి మూడు ముక్కలైంది. ముక్కల్ని కంచె కింద తోసేసి, పుస్తకం ముందు కూర్చున్నాను. ఆ గొట్టం ముట్టుకునేది నేనొక్కణ్ణే. ఏదో ఒకటి రాయాలి. రేకుల కప్పు కింద పడుకున్నవాడికి చినుకు కూడా కుంభవృష్టిలాగే వినిపిస్తుంది. పైగా నేను వానకు మొహం వాచిన ఊరి పిల్లాణ్ణి. అంత మబ్బు మా సీమలో కురిస్తే చెరువు నిండేదని అమ్మ ముందురోజే అంది. ముప్పావు అంగుళం అని రాశాను. బల్ల మీద ఆ అంకె చూసి పిల్లలు ఈలలు వేశారు. ఆ ఈలలు నాకు బాగున్నాయి. మర్నాడూ కాస్త తుంపర. ఇంకో ముప్పావు. మూడోనాడు అర. రెండు నిండింది. బడంతా గంతులు.

వెకేసా ఆ పొద్దున హెడ్మాస్టరు గది ముందుకొచ్చి నిలబడ్డాడు. పుస్తకం ఒక మాట చెబుతోంది, నా వేలు ఒక మాట చెబుతోంది అన్నాడు. వేలికంటే పుస్తకం నయం అని హెడ్మాస్టరు నవ్వారు. ఆయన చెడ్డవారు కాదు, అంకెను నమ్మే మనిషి. వెకేసా నాకేసి తిరిగి వంగి, కళ్లలోకి చూస్తూ, "నువ్వు కొలిచావా?" అని అడిగాడు. "కొలిచాను," అన్నాను. ఆయన తల ఊపి, కొట్టు తాళం తీశాడు.

గింజలు మొలకెత్తేంత తడి ఉంది, బతికేంత లేదు. పచ్చటి వెంట్రుకల్లా లేచిన మొలకలు వారంలో ఎండిపోయాయి. ఆ తర్వాత నెల దాకా చినుకు లేదు. పైపైన చల్లావని ఆయన మెడలోని తాడు తీయించారు. హాస్టలు పిల్లల్ని గంజికి చాలదని ముందుగానే ఇళ్లకు పంపారు. ఆ వారాల్లోనే వెకేసా ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. కరువులో పుట్టిన పిల్ల కనుక నంజాల అని పేరు పెట్టారు. రోజూ ఆ పేరు పిలుస్తుంటే గోడ ఇవతల నేను చెవులు మూసుకునేవాణ్ణి. అసలు వాన వచ్చే ముందు వెకేసానే, తాడులేని మెడతో, ఇల్లిల్లూ తిరిగి గుప్పెడు గుప్పెడు గింజలు అడిగాడు. ఆడవాళ్లు కొంగుల్లో కట్టుకుని నడిచి వచ్చి బడి ముందు పరిచిన చాప మీద పోశారు. ఆ చాప మీద ఎన్ని రకాల రంగులున్నాయో, ఎర్రవి, నల్లవి, గోధుమరంగువి, ఇప్పటికీ చెప్పగలను. అవే విత్తారు. పంట తక్కువే వచ్చింది, కానీ వచ్చింది. ఏడాది చివర మేం ఇండియాకు వచ్చేశాం.

నాన్న నన్ను ఏమీ అడగలేదు. మొలకలు ఎండిన వారం, ఒక రాత్రి నాకు తెల్లకాగితాల పుస్తకం ఒకటి ఇచ్చారు. "ఇది నీది. చూసింది మాత్రమే రాయి," అన్నారు. అదే నా మొదటి డైరీ. మొదటి పేజీలో, ఆ ఊరివాళ్లెవరూ చదవలేని తెలుగులో, నేను రాసుకున్నది ఇది: గాజు నేను పగలగొట్టినాను. మూడు దినాల వాన నేను రాసిందే. వెకేసాది తప్పు లేదు. ఆ ఊళ్లో తెలుగు చదవగలిగినవాళ్లు ఇద్దరున్నారు, మా అమ్మా నాన్నా. వాళ్లు చదివారో లేదో నాకు తెలియదు.

ఆ పుస్తకం తీసుకుని హాల్లోకి వచ్చేసరికి టీ తాగుతున్నారు. నఫూలా పక్కన కూర్చుని, మొదట తెలుగులో చదివి, తర్వాత ఇంగ్లీషులో చెప్పాను. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. సునీత నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఓబులమ్మకు ఇంగ్లీషు రాదు గానీ తెలుగు ముక్క విన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఖాదర్‌బాషానే ముందు నోరు తెరిచాడు. "పెద్దాయనా, పదేండ్ల పిల్లోడివి. యాలప్పా ఇంతకాలం మోసినావు?"

"పదేళ్లప్పుడు చెప్పలేదు, సరే. ఇరవైలో చెప్పచ్చు. ముప్పైలో ఉత్తరం రాయచ్చు," అన్నాను.

నఫూలా కప్పు కింద పెట్టింది. ఆమె మొహంలో ఇందాకటి నవ్వు లేదు. "మీ చేతులు పట్టుకుని ఊపాను, బాబా," అంది. ఫోను కోసం సంచిలో చెయ్యి పెడుతూ, "ఇది నాకు చెప్పాల్సిన మాట కాదు. మా నాన్నకు చెప్పాలి," అంది. ఫోను తీసి కలిపింది. ఆయన ఎత్తలేదు. పొలంలో ఉంటే ఫోను ఇంట్లోనే వదిలేస్తాడట. వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడి, రికార్డు చేసి ఆయనకు పంపింది. అందులో నాకు నా పేరొక్కటే తెలిసింది.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అడిగాను, నంజాల ఎలా ఉందని. ఆ ప్రశ్నకు మాత్రం ఆమెకు నవ్వు ఆగలేదు. "మా అత్తా? బస్సులో రెండు సీట్లు కావాలి ఆమెకు. ఆమె వండితే పెళ్లింటికి సరిపోతుంది."

శనివారం పొద్దున ఏడు గంటలకే నఫూలా రెండు పెట్టెలతో మా గుమ్మంలో ఉంది. కువైత్‌కూ వాళ్ల ఊరికీ గడియారం ఒకటే. అక్కడా ఏడే. "నాన్న లైన్లో ఉన్నాడు," అని ఫోను నా చేతికిచ్చింది. వెనక ఎక్కడో కోడి కూసింది.

"దేవా," అన్నాడు సిమియు. గొంతు వాళ్ల నాన్నది.

"నేనే."

"అరవై ఏళ్లు."

"అవును."

"మా నాన్నను పూడ్చిన రోజు కూడా ఒకడు 'వెకేసా విత్తినట్టు' అన్నాడు. వాణ్ణి నేను కొట్టాను." కోడిని అదిలించాడు. "ఉసిళ్లకు నిన్ను పిలిచింది నేను. అది నాకు గుర్తుంది. గొట్టం సంగతి తెలియదు."

క్షమించమని అడుగుదామనుకున్న వాక్యం రాత్రంతా తయారుచేసుకున్నాను. ఇంగ్లీషులో ఒక వరుస, మర్చిపోయిన స్వాహిలీలో ఒక వరుస. వాటిలో ఒకటి ఎత్తుకునేలోపే అతనే అడిగాడు: "నిజంగా ఎంత పడింది?"

"తెలియదు సిమియూ. నేను కొలవలేదు."

"అయితే అదే రాసి పంపు. మా నాన్న నిన్ను అడిగింది ఆ ఒక్క మాటే కదా. కొత్త పిల్లలు గింజలు కలిపే రోజున దాన్ని బడి ముందు చదివిస్తాను. ఆ పిల్లలకు నేర్పిన కథ మార్చాలి. నా కళ్లకు అక్షరాలు ఆనవు. నా మనవడు, నఫూలా కొడుకే, చదువుతాడు, బడికి పోకముందే వాడికి అక్షరాలు వచ్చాయి." ఆ తర్వాత గొంతు కాస్త మెత్తబడింది. "నువ్వూ రావచ్చు. వింబీ ఉంది. నంజాల వండుతుంది."

వస్తానన్నాను. ఆలోచించకుండా అన్న మాట కాదు అది. సునీత అప్పటికే నా భుజం మీద చెయ్యి వేసి ఉంది.

కిందనుంచి ఖాదర్‌బాషా హారను మోగించాడు. "యల్లా నఫూలా, యల్లా! ట్రాఫిక్కులో పడితే నిన్ను మళ్లీ ఓబులక్క సంగటికే తీసుకురావల్ల!"

నా డైరీల్లో ఇంతవరకు ఒక్క పేజీ చింపలేదు. తప్పు రాస్తే కొట్టివేసేవాణ్ణి గానీ చింపేవాణ్ణి కాదు. సునీత స్కేలు తెచ్చింది. మొదటి పేజీని స్కేలు ఆనించి మెల్లగా విడదీశాను. పిల్లవాడి తెలుగు అక్షరాల కింద ఇంకా జానెడు చోటుంది. అక్కడ ఇంగ్లీషులో, సిమియు మనవడు కూడబలుక్కుని చదవగలిగేంత పెద్ద అక్షరాలతో, మూడు వరుసలు రాశాను. మొదటి రోజు: కొలవలేదు. రెండో రోజు: కొలవలేదు. మూడో రోజు: కొలవలేదు. కింద పేరు రాసి సంతకం పెట్టాను. గోడ గడియారంలో ఎనిమిదైంది. నఫూలా ఆ కాగితాన్ని మడవకుండా పాస్‌పోర్టు మధ్యలో పెట్టుకుని, పెట్టెలెత్తుకుని కిందికి దిగింది.